తాకినట్లుండి తాకని తలములు

9 అంగుళముల పొడవు, 4½ అంగుళముల వెడల్పు, 3 అంగుళముల మందము గల ఒక ఇటుకను బల్లపై వెడల్పుగా ఉంచి, దానికి దారము కట్టి, స్ప్రింగు త్రాసుతో మెల్లగా లాగినచో కొంత బలము ప్రయోగించు వరకు అది కదలదు. తరువాత కదలును. అప్పుడు త్రాసు చూపిన అంకెను వ్రాసికొని, అదే ఇటుకను నిలువుగా నిలిపి, అది ఒరిగిపోకుండ దారమును అడుగునకు దగ్గరగా కట్టి మరల లాగవలెను. మొదటి పర్యాయము బల్లను ఆనుకొన్న ముఖము వైశాల్యము 40½ చదరపు అంగుళములు. రెండవ పర్యాయము అందులో మూడవ వంతు, అనగా 13½ చదరపు అంగుళములు మాత్రమే. ఐనను త్రాసు దాదాపు అదే అంకెను చూపును.

ఘర్షణ బలము తలమును అదుము బరువునకు అనులోమానుపాతములో ఉండుననియు, స్పర్శ వైశాల్యముపై ఆధారపడదనియు పాఠ్యపుస్తకము చెప్పును. విద్యార్థి ఈ రెండు వాక్యములను కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయును. కాని ఆలోచించు విద్యార్థికి రెండవ వాక్యము మింగుడుపడదు. రాపిడి తాకిన చోటనే కదా పుట్టును? తాకు చోటు మూడింతలైనప్పుడు రాపిడి ఏల పెరుగదు?

ఈ ప్రశ్న అడిగిన విద్యార్థి తెలివితక్కువవాడు కాడు. 1699 లో పారిస్ నగరమునందలి రాయల్ సైన్సు అకాడమీ సభ్యులకును ఇదే సందేహము కలిగెను. దానికి సరియైన జవాబు దొరకుటకు సుమారు 240 సంవత్సరములు పట్టెను. ఆ జవాబు కొత్త సూత్రము ఒకటి కల్పించుట వలన దొరకలేదు. ‘తాకుట’ అను సామాన్యమైన మాటకు అర్థమేమో కొలిచి చూచుట వలన దొరకినది.

అచ్చుకాని నోటుపుస్తకములు

ఇటుక ప్రయోగమును పోలిన ప్రయోగమును మొదట వ్రాసి ఉంచినవాడు ఇటలీ దేశపు చిత్రకారుడు, యంత్ర నిపుణుడు లియొనార్డో డా వించీ (1452-1519). ఒకే దిమ్మెను వేర్వేరు ముఖములపై ఉంచి లాగినను ఘర్షణ మారదనియు, బరువు రెట్టింపైనచో ఘర్షణయు రెట్టింపగుననియు అతడు 1493 ప్రాంతమున గుర్తించెను. నునుపైన తలముల ఘర్షణ బరువులో నాలుగవ వంతు ఉండునని అతని లెక్క. కాని అతని నోటుపుస్తకములు ఆ కాలమున అచ్చుకాలేదు. వానిలో రెండు మాడ్రిడ్ జాతీయ గ్రంథాలయములో మరుగుపడి ఉండి, 1960 తరువాతి సంవత్సరములలో గాని మరల వెలుగు చూడలేదు. అందుచే అతడు కనుగొన్న దానిని ఇతరులు మొదటినుండి మరల కనుగొనవలసి వచ్చెను.

అట్లు కనుగొన్నవాడు గియోం అమాంటన్ (1663-1705) అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. ఇతడు చిన్ననాటనే వినికిడి కోల్పోయినవాడు. రాగి, ఇనుము, సీసము, కొయ్య పలకలకు క్రొవ్వు పూసి, వానిని ఒకదానిపై ఒకటి ఉంచి, స్ప్రింగులతో అదిమి, లాగుటకు కావలసిన బలమును కొలిచెను. ఏ జత తీసికొన్నను ఘర్షణ అదుము బలములో ఇంచుమించు మూడవ వంతు ఉండెను. పలకల వైశాల్యము మార్చినను ఫలితము మారలేదు. 1699 డిసెంబరులో అతడు ఈ విషయమును అకాడమీకి నివేదించెను.

మొదటి నియమమును సభ్యులు సులభముగా అంగీకరించిరి. రెండవ దానిని నమ్మలేకపోయిరి. కనుక ఫిలిప్ ద లా హీర్ అను సభ్యుడు ఆ ప్రయోగములను స్వయముగా మరల చేసి చూచెను. అమాంటన్ చెప్పినదే నిజమని తేలెను. ఆనాటినుండి ఈ రెండును అమాంటన్ నియమములని పేరు పొందినవి. నియమము నిలిచినది, కారణము మాత్రము దొరకలేదు.

గరుకుదనమా, అంటుకొనుటయా?

కారణము విషయములో రెండు ఊహలు బయలుదేరినవి. మొదటిది గరుకుదనమును గురించినది. ఎంత నునుపైన తలమునకైనను ఎత్తుపల్లములు ఉండును. ఒక తలము మిట్టలు రెండవ తలము పల్లములలో కూర్చుండును. లాగినప్పుడు పై తలము ఆ మిట్టలను ఎక్కి దిగవలెను. ఎక్కుటకు పట్టు బలమే ఘర్షణ. ఎక్కవలసిన ఏటవాలు మారనంత వరకు బలము బరువునుబట్టి ఉండును గాని వైశాల్యమునుబట్టి ఉండదు. అమాంటన్ నియమములకు ఈ ఊహ చక్కగా సరిపడెను.

రెండవ ఊహ ఇంగ్లండులో పుట్టినది. న్యూటనుకు సన్నిహితుడై, రాయల్ సొసైటీలో ప్రయోగములు చేసి చూపుచుండిన జాన్ డెసాగ్యులియర్స్ (1683-1744) రెండు సీసపు గుండ్లను తీసికొని, ఒక్కొక్కదాని నుండి చిన్న చెక్కును కోసివేసి, కోసిన ముఖములను చేతితో మెలిపెట్టుచు ఒకదానికొకటి అదిమెను. అవి అంటుకొనిపోయినవి. వానిని విడదీయుటకు ఎన్నో పౌనుల బరువు వ్రేలాడదీయవలసి వచ్చెను. 1725 లో ప్రకటింపబడిన ఈ ప్రయోగము చూచిన పిమ్మట, ఘర్షణకు కూడ ఇట్టి అంటుదనమే కారణము కాకూడదా అను సందేహము సహజము. పైగా లోహ తలములను మితిమీరి నునుపు చేసినచో ఘర్షణ తగ్గుటకు బదులు పెరుగవచ్చునని డెసాగ్యులియర్స్ గమనించెను. గరుకుదనమే ఘర్షణకు కారణమైనచో ఇట్లు జరుగకూడదు.

ఈ తగవును తీర్చినట్లు కనబడినవాడు చార్లెస్ కూలుంబు (1736-1806). విద్యుదావేశముల నియమము వలన ఇతని పేరు విద్యార్థులకు పరిచితమే. ఇతడు సైన్యములో ఇంజనీరు. యంత్రములలోని ఘర్షణను గూర్చి అకాడమీ పెట్టిన పోటీకై రోష్‌ఫోర్ నౌకాశ్రయములో పెద్ద బల్లపై కొయ్యలను, లోహములను రకరకముల బరువులతో లాగి చూచెను. 1781 లో బహుమతి పొందెను. 1785 లో అతని వ్యాసము అచ్చయినది. కొయ్య పోగులు రెండు బ్రష్షుల కుచ్చులవలె ఒకదానిలో ఒకటి దూరికొనునని అతడు ఊహించెను. ఓకు కొయ్యపై ఓకు కొయ్యను ఉంచి కొంతసేపు కదల్పకున్నచో, దానిని తిరిగి కదల్చుటకు కావలసిన బలము ఆ విరామ కాలముతో పాటు పెరుగుచుండునని కూడ కనుగొనెను. ఈ విషయము జ్ఞాపకముంచుకొనదగినది. దీని అర్థము 200 సంవత్సరముల తరువాత గాని స్పష్టపడలేదు.

అంటుకొనుటయే ఘర్షణకు కారణమైనచో, ఎక్కువ చోట తాకినప్పుడు ఎక్కువ అంటుకొనవలెను. అప్పుడు ఘర్షణ వైశాల్యముతో పెరుగవలెను. కాని పెరుగుట లేదు. కనుక అంటుదనము పాలు స్వల్పమని కూలుంబు తీర్పు చెప్పెను. ఈ వాదములో తర్కదోషము లేదు. ప్రయోగమునందును పొరపాటు లేదు. ఐనను తీర్పు తప్పినది. వాదమంతయు ‘వైశాల్యము’ అను ఒక్క మాటపై నిలిచి ఉన్నది. దిమ్మె అడుగును కొలబద్దతో కొలిచి వచ్చిన వైశాల్యమే తాకుచున్న వైశాల్యమని అందరును నిస్సంశయముగా అనుకొనిరి.

గరుకుదనపు ఊహలో సైతము లోపము లేకపోలేదు. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ లెస్లీ 1804 లో దానిని ఎత్తి చూపెను. మిట్ట ఎక్కునప్పుడు పట్టిన శక్తి దిగునప్పుడు తిరిగి రావలెను. ఎక్కుట, దిగుట సమానమైనప్పుడు మొత్తముమీద శక్తి ఖర్చు కాకూడదు. కాని దిమ్మెను సమతలముపై ఎంత దూరము లాగినను లాగవలసిన శ్రమ తప్పదు. ఆ శక్తి వేడిమిగా మారి పోవుచునే ఉండును. కేవలము ఎక్కి దిగుట దీనికి కారణము కానేరదు. ఈ ఆక్షేపణకు తగిన సమాధానము లేకుండగనే పందొమ్మిదవ శతాబ్దము గడచిపోయెను.

విద్యుత్తు చెప్పిన రహస్యము

రెండు దిమ్మెలు కలిసిన చోట కంటికి కనబడదు. విడదీసి చూచినచో స్పర్శ పోవును. మూసియున్న ఈ తలుపును తెరచినది విద్యుత్ప్రవాహము.

స్విచ్చిలలోను, టెలిఫోను పరికరములలోను రెండు లోహపు ముక్కలు కలిసి విడిపోవుచుండును. అవి కలిసినచోట విద్యుత్తునకు అనుకొన్నదానికన్న ఎక్కువ నిరోధము ఎదురగుచుండెను. జర్మనీలో సీమెన్స్ సంస్థలో పనిచేసిన స్వీడన్ దేశపు భౌతిక శాస్త్రజ్ఞుడు రాగ్నర్ హోల్మ్ (1879-1970) దీనిని చిరకాలము పరిశోధించెను. తిరునాళ్ళలో మైదానమంతయు నిండిన జనము ఒక సన్నని ద్వారమునుండి వెళ్ళవలసి వచ్చినప్పుడు ద్వారము దగ్గర ఒత్తిడి ఏర్పడును. దాటిన పిమ్మట మరల విశాలమైన చోటున్నను, ఆ ద్వారమే అందరిని ఆలస్యము చేయును. లోహముల మధ్య విద్యుత్తు స్థితియు ఇట్టిదే. లోహములు అక్కడక్కడ చిన్న మచ్చలుగా మాత్రమే తాకుచున్నవి. ప్రవాహమంతయు ఆ మచ్చలగుండ ఇరుకుకొని పోవుచున్నది. నిరోధమును కొలిచి, లోహపు విశిష్ట నిరోధము తెలిసికొన్నచో మచ్చ పరిమాణమును లెక్కకట్టవచ్చును. గుండ్రని మచ్చ ఒక్కటే ఉన్నప్పుడు, విశిష్ట నిరోధమును మచ్చ వ్యాసముతో భాగించినచో వచ్చునదే ఈ ఇరుకు వలన కలుగు నిరోధము.

ఈ ఉపాయమును ఘర్షణ సమస్యకు సూటిగా ప్రయోగించినవారు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి ఫ్రాంక్ ఫిలిప్ బౌడెన్ (1903-1968), డేవిడ్ టేబర్ (1913-2005). బౌడెన్ ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియా ద్వీపమున జన్మించినవాడు. టేబర్ లండనువాడు. నిలిచియున్న తలముల మధ్యను, జారుచున్న తలముల మధ్యను స్పర్శ వైశాల్యమెంత అను వారి పరిశోధన వ్యాసము 1939 లో రాయల్ సొసైటీ పత్రికలో వెలువడినది. చక్కగా చదును చేసిన ఉక్కు పలకలను ఒకదానిపై ఒకటి ఉంచినప్పుడు నిజముగా తాకు చోటు, పలక వైశాల్యములో అత్యల్ప భాగమని వారి కొలతలు తెలిపినవి. అంతకన్న ముఖ్యమైనది వేరొకటి: ఆ చోటు పలక ఎంత పెద్దది అను దానిని అనుసరించలేదు. మీద ఉంచిన బరువును అనుసరించెను.

తరువాత 1950 లో బౌడెన్ ఒక రేడియో ప్రసంగములో దీనిని ఒక ఉపమానముతో వివరించెను. రెండు ఘన పదార్థములను కలుపుట, స్విట్జర్లండు దేశమును తలక్రిందులు చేసి ఆస్ట్రియా దేశముపై నిలిపినట్లుండునని అతని భావము. రెండును పర్వతమయమైన దేశములే. శిఖరములు శిఖరములను తాకును. లోయలు ఖాళీగా మిగులును. నిజమునకు లోహపు తలములపై మిట్టలు ఇంత నిటారుగా ఉండవు, ఏటవాలు కొద్దిగనే ఉండును. ఐనను విషయము మనస్సునకు పట్టుటకు ఈ ఉపమానము చాలును. యంత్రముపై నునుపు చేసిన తలము మీది మిట్ట ఎత్తు మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఉన్నను, పరమాణువుల లెక్కలో అది వేల పరమాణువులు పేర్చినంత ఎత్తు.

బరువు, కాఠిన్యము, ఘర్షణ

స్పర్శ వైశాల్యము బరువును ఏల అనుసరించును? పలకను మెల్లగా దించినప్పుడు మొదట రెండు మూడు మిట్టల కొనలు మాత్రమే తాకును. బరువంతయు వానిపై పడును. అంత చిన్న కొనపై అంత బరువు పడినచో లోహము ఓర్వలేక అణగిపోవును. అణగినకొలది కొన వెడల్పగును. పొరుగు మిట్టలు కూడ తాకును. తాకిన చోట్లన్నియు కలిసి బరువును మోయగలిగినంత వరకు ఈ అణగుట సాగి, అక్కడ ఆగును. లోహము అణగకుండ ఒక చదరపు మిల్లీమీటరుపై మోయగల బరువే దాని కాఠిన్యము. కనుక బరువును కాఠిన్యముతో భాగించినచో నిజ స్పర్శ వైశాల్యము వచ్చును.

ఒక ఉదాహరణ తీసికొనవచ్చును. మెత్తని ఉక్కు కాఠిన్యము చదరపు మిల్లీమీటరునకు సుమారు 100 కిలోగ్రాముల బరువు అనుకొనవచ్చును. 20 చదరపు సెంటీమీటర్లు, అనగా 2000 చదరపు మిల్లీమీటర్ల ముఖము గల ఉక్కు పలకపై 20 కిలోగ్రాముల బరువు ఉంచినచో నిజముగా తాకు చోటు 0.2 చదరపు మిల్లీమీటరు మాత్రమే. అది పలక ముఖములో 10,000 వ వంతు. బరువు 200 కిలోగ్రాములైనచో 1000 వ వంతు. 2 కిలోగ్రాములైనచో 1,00,000 వ వంతు. పలక ముఖమును సగమునకు తగ్గించినను ఈ 0.2 చదరపు మిల్లీమీటరు మారదు. ఏలనన, ఆ లెక్కలో పలక ముఖమే లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు తానుగా దొరకుచున్నది. తాకిన మచ్చలలో పరమాణువులు ఒకదానికొకటి అతి సమీపమునకు వచ్చి, డెసాగ్యులియర్స్ సీసపు గుండ్లవలె అంటుకొనును. జార్చవలెనన్న ఈ అతుకులను తలమునకు సమాంతరముగా లాగి తెంపవలెను. ఘర్షణ బలము అనగా నిజ స్పర్శ వైశాల్యమును, ఒక చదరపు మిల్లీమీటరు అతుకును తెంపుటకు కావలసిన బలముతో హెచ్చించగా వచ్చిన లబ్ధము. బరువు రెట్టింపైనచో నిజ స్పర్శ రెట్టింపగును, ఘర్షణయు రెట్టింపగును. అది అమాంటన్ మొదటి నియమము. ఇటుకను పరచినను నిలిపినను బరువు అదే, నిజ స్పర్శ అదే, ఘర్షణయు అదే. అది రెండవ నియమము. ఘర్షణ నిజమునకు వైశాల్యముపై ఆధారపడియే ఉన్నది. అది కంటికి కనబడు వైశాల్యము కాదు. కూలుంబు అంటుదనమును త్రోసివేయుటకు చూపిన కారణము ఇట్లు అంటుదనమునకే సాక్ష్యముగా మారెను.

లెస్లీ ఆక్షేపణకును ఇందులో సమాధానము కలదు. అతుకును తెంపుటకు వెచ్చించిన శక్తి తిరిగి రాదు. ఒక అతుకు తెగినంతలో వేరొకచోట మరియొకటి ఏర్పడును. దానిని కూడ తెంపవలెను. లాగినంత దూరము ఈ పని సాగుచునే ఉండును.

ఆక్షేపణలు, పరీక్షలు

క్రొత్త మాటను శాస్త్రజ్ఞులు వెంటనే అంగీకరించరు. మచ్చలు నిజముగా అంటుకొన్నచో, పై పలకను ఎత్తునప్పుడు క్రింది పలక కూడ ఏల లేచి రాదని కొందరడిగిరి. దీనికి బౌడెన్, టేబరుల జవాబిది: బరువు తీసివేయగానే అణగిన లోహము స్ప్రింగువలె కొంత పైకి లేచును. ఆ లేచుటలో అతుకులు తామే ఒకటి తరువాత ఒకటి విడిపోవును. అట్లైనచో స్థితిస్థాపకత మిక్కిలి తక్కువగా ఉన్న మెత్తని లోహములో అతుకు నిలువవలెను. ఇండియము అట్టి లోహము. శుభ్రమైన ఉక్కు గుండును ఇండియముపై అదిమి, తిరిగి ఎత్తబోయినప్పుడు అది గట్టిగా అంటుకొని ఉన్నదని 1950 లో మెక్‌ఫార్లేన్, టేబర్ చూపిరి.

మరియొక ఆక్షేపణ లెక్కకు సంబంధించినది. పై సూత్రము ప్రకారము ఘర్షణ గుణకము సుమారు 0.2 రావలెను. కాని కందెన లేని లోహములకు గాలిలో అది 0.5 నుండి 1 వరకు గాని, అంతకు మించి గాని ఉండుట కలదు. అతుకును పక్కకు లాగునప్పుడు లోహము మరికొంత లొంగి, తెగుటకు ముందు అతుకు ఇంకను వెడల్పగునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. గాలిలో లోహములపై ఏర్పడు ఆక్సైడు పొర ఈ పెరుగుదలను అడ్డగించును. ఆ పొర లేని శుభ్రమైన లోహములు శూన్యములో ఒకదానికొకటి పట్టుకొని కదలకుండుట బౌడెన్, హ్యూస్ 1939 లోనే చూచిరి. గాలి పూసిన ఈ పలుచని పొర లేనిచో లోహముతో చేసిన యంత్రములు తిరుగుటయే కష్టము.

విద్యుత్తు ద్వారా చేసిన కొలతలో కూడ ఒక చిక్కున్నది. ఒకే గుండ్రని మచ్చకు బదులు, దాని వ్యాసములో పదవ వంతు వ్యాసము గల 100 మచ్చలు ఎడమెడముగా ఉన్నవనుకొన్నచో మొత్తము వైశాల్యము సమానమే. కాని ఒక్కొక్క చిన్న మచ్చ వాహకత్వము పెద్దదానిలో పదవ వంతు కనుక, 100 మచ్చలు కలిసి పది రెట్లు ప్రవాహమును పోనిచ్చును. అనగా మచ్చలెన్నో తెలియక నిరోధమును మాత్రము కొలిచి వైశాల్యము చెప్పుట ప్రమాదకరము. బౌడెన్, టేబరుల మూల భావము నిలిచినను, మచ్చల సంఖ్యను, పరిమాణమును వేరు మార్గములలో తెలిసికొనవలసి యుండెను.

ఈ పరిజ్ఞానము పుస్తకములలోనే ఉండిపోలేదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున బౌడెన్, టేబర్ మెల్‌బోర్న్ నగరములో విమాన యంత్రముల బేరింగులను పరిశోధించిరి. గట్టి లోహముపై ఇండియము, సీసము వంటి మెత్తని లోహపు పలుచని పొర వేసినచో ఘర్షణ తక్కువగా ఉండును. బరువును మోయునది క్రింది గట్టి లోహము కనుక స్పర్శ వైశాల్యము పెరుగదు. తెగవలసినది పై మెత్తని పొర కనుక బలము తక్కువ చాలును. రెండు రాశుల లబ్ధములో రెండును చిన్నవియే. సూత్రము అర్థమైనచో ఉపాయము ఎట్లు పుట్టునో దీనివలన తెలియును.

స్ప్రింగువలె లేచు మిట్టలు

1950 తరువాత వేరొక సందేహము తలయెత్తెను. మిట్టలు మొదటిసారి అణగిపోవుట సరియే. కాని యంత్రములో అదే తలము లక్షల పర్యాయములు అదే దారిలో పోవుచుండును. ప్రతి పర్యాయము కొత్తగా అణగుచున్నచో యంత్రము త్వరలోనే అరిగిపోవలెను. కొంతకాలము నడచిన పిమ్మట మిట్టలు అణగక, స్ప్రింగువలె వంగి లేచుచుండవలెనని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఆర్చర్డ్ వాదించెను. ఇక్కడ మరియొక చిక్కు వచ్చినది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్జ్ 1881 లో చేసిన లెక్క ప్రకారము, స్థితిస్థాపక గోళము నొకదానిని అదిమినచో స్పర్శ వైశాల్యము బరువుతో సమముగా పెరుగదు. బరువు ఎనిమిదింతలైనచో వైశాల్యము నాలుగింతలే అగును. అట్లైనచో అమాంటన్ మొదటి నియమమే చెడును.

మిట్ట ఒక్కటే కాదు, మిట్టపై చిన్న మిట్టలు, వానిపై ఇంకను చిన్న మిట్టలు ఉండునని తీసికొన్నచో వైశాల్యము బరువునకు దాదాపు అనులోమానుపాతమున వచ్చునని ఆర్చర్డ్ 1957 లో చూపెను. 1966 లో గ్రీన్‌వుడ్, విలియమ్‌సన్ వేరొక దారిలో అచటికే చేరిరి. సన్నని సూదిని తలముపై నడిపి, దాని ఎత్తుపల్లములను అంకెలుగా మార్చి, కంప్యూటరుతో వారు లెక్కించిరి. మిట్టల ఎత్తులు ఒక తరగతి విద్యార్థుల ఎత్తులవలె సగటు చుట్టును చెదరి ఉండును. బరువు పెరిగినప్పుడు పాత మచ్చలు పెద్దవగుట నిజమే. కాని వాని ప్రక్కన చిన్న మచ్చలు కొత్తగా పుట్టుచుండుటచే సగటు పరిమాణము దాదాపు మారదు. మచ్చల సంఖ్య మాత్రమే బరువుతో పెరుగును. కనుక మిట్టలు అణగినను, స్ప్రింగువలె లేచినను నిజ స్పర్శ బరువును అనుసరించుట తప్పదు. ఆ సంవత్సరమే ఇంగ్లండులో పీటర్ జాస్ట్ అధ్యక్షతన వెలువడిన నివేదికలో, ఘర్షణ, అరుగుదల, కందెనలను గూర్చిన శాస్త్రమునకు ‘ట్రైబాలజీ’ అను పేరు ప్రచారములోనికి వచ్చెను. రుద్దుట అను అర్థము గల గ్రీకు పదము దానికి మూలము.

కంటికి కనబడిన స్పర్శ

ఇంతవరకు స్పర్శను ఎవరును కంటితో చూడలేదు, కొలిచి ఊహించిరి. పారదర్శక పదార్థములు ఈ కొరతను తీర్చినవి. గరుకు చేసిన రెండు గాజు లేక అక్రిలిక్ పలకలను కలిపి క్రిందినుండి కాంతిని పంపినచో, మధ్య గాలి ఉన్నచోట కాంతి చెదరిపోవును. నిజముగా తాకిన చోట సూటిగా దాటిపోవును. సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు నల్లని నేలపై నక్షత్రములవలె మచ్చలు వెలుగుచుండును. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రజ్ఞులు డైటరిక్, కిల్గోర్ 1994 లో ఈ విధముగా మచ్చలను చిత్రించిరి. బరువు పెంచినకొలది మచ్చల సంఖ్య, మొత్తము వైశాల్యము పెరుగుట కన్నులయెదుట కనబడెను.

కదల్పక ఉంచినప్పుడు మచ్చలు తామే మెల్లమెల్లగా పెద్దవగుట కూడ వారు చూచిరి. ఈ పెరుగుదల విచిత్రమైనది: 1 సెకండు నుండి 10 సెకండ్ల లోపల ఎంత పెరుగునో, 10 నుండి 100 సెకండ్ల లోపల ఇంచుమించు అంతే పెరుగును. కొయ్యలను కదల్పక ఉంచినకొలది ఘర్షణ పెరుగునని కూలుంబు వ్రాసిన దానితో పోల్చదగిన విషయమిది. నిలిచియున్నకొలది స్పర్శ పెరిగినచో, కదల్చుటకు కావలసిన బలము పెరుగుట సహజమే కదా.

భూగర్భ శాస్త్రజ్ఞులకు ఈ పనితో ఏమి సంబంధమను అనుమానము కలుగవచ్చును. భూమి పైపొరలో పగుళ్ళ వెంబడి రెండు శిలా ఫలకములు ఘర్షణచే పట్టుకొని ఎన్నో ఏండ్లు కదలకుండి, ఒక్కసారిగా జారినప్పుడు భూకంపము కలుగును. ప్రయోగశాలలో రాళ్ళు ఆగి ఆగి జారుటయు, భూకంపమును ఒకే తీరువని 1966 లో బ్రేస్, బయర్లీ సూచించిరి. పగులు నిద్రించిన కాలములో స్పర్శ ఎట్లు గట్టిపడునో తెలియనిదే భూకంపమును అర్థము చేసికొనలేము.

2004 లో జెరూసలెమునందలి హీబ్రూ విశ్వవిద్యాలయములో రూబిన్‌స్టైన్, కోహెన్, ఫైన్‌బెర్గ్ మరియొక అడుగు ముందుకు వేసిరి. రెండు అక్రిలిక్ దిమ్మెల సంధిపై కాంతిని ఏటవాలుగా ప్రసరింపజేసిరి. తాకని చోట సంపూర్ణాంతర పరావర్తనము జరిగి కాంతి వెనుకకు మరలును. తాకిన చోట మాత్రమే ముందుకు పోవును. అతి వేగముగా చిత్రములు తీయు కెమెరా దానిని గ్రహించెను. దిమ్మె జారుటకు ముందే, అతుకులు విడిపోవు ఒక అలవంటిది సంధి వెంబడి ఒక కొననుండి వేరొక కొనకు పరుగెత్తుట, అది పోయిన చోటెల్ల స్పర్శ తగ్గుట వారు కనుగొనిరి. అలలు సంధినంతయు దాటిన పిమ్మటనే దిమ్మె మొత్తముగా జారెను. దిమ్మె ‘ఒక్కసారిగా’ కదలినదని మనకు తోచునది, నిజమునకు ఇంత కథ నడచిన తరువాత జరుగునది.

అమాంటన్ నియమములు అన్నిచోట్ల చెల్లునవి కావు. మెత్తని రబ్బరు అదిమినకొలది గాజును దాదాపు పూర్తిగా ఆనుకొనును. అప్పుడు కొలబద్ద చూపు వైశాల్యము, నిజ స్పర్శ దగ్గరకు వచ్చి, నియమము సడలును. శూన్యములోని శుభ్రమైన లోహముల సంగతి పైన చెప్పబడినది. మెత్తని తలమును గట్టి మిట్టలు దున్నుకొనిపోవుట వలన కొంత ఘర్షణ పుట్టుటయు కలదు. కాని నియమము ఎక్కడ చెల్లునో, ఎక్కడ చెల్లదో చెప్పగలిగినది నిజ స్పర్శను కొలుచుట నేర్చిన పిమ్మటనే.

తరగతిలో ఇటుకను లాగి చూపిన ఉపాధ్యాయుని ఒక విద్యార్థి, తాకు చోటు తగ్గినను ఘర్షణ ఏల తగ్గలేదని అడిగినచో, అది నియమమని చెప్పి ముగింపనవసరము లేదు. తాకు చోటు తగ్గినదని నీకెట్లు తెలిసెనని తిరిగి అడుగవచ్చును. 240 సంవత్సరములపాటు ఎందరో మేధావులు వేసికొనని ప్రశ్న అదియే.